రోడ్డు తెరిచాక పరుగు

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళ సారు అంటారు. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళు ఒకరిద్దరు చేతిసంచీతో మేడెక్కి వచ్చి, బల్ల మీద వరసగా పేర్చిన ప్లాస్టర్ దవడలు చూసి, ఏమడగడానికి వచ్చారో మర్చిపోయి దిగిపోయారు. ఆయన చేసేవి కట్టుడు పళ్ళు. పంటి డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపుతారు. ఆయన ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పన్ను తర్వాత పన్ను నిలబెడతారు. ముందు పళ్ళు మరీ తిన్నగా నిలబెడితే పళ్ళపొడి డబ్బా మీద బొమ్మలా ఉంటుందని, ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకి తిప్పుతారు. ఆ తిప్పడంలోనే ఉంది పనితనమంతా. కాలేజీలో రసాయన శాస్త్రం చదివినవాడు ఇదేం పని పట్టాడని ఒకప్పుడు మామగారు నొచ్చుకున్నారు. చివరికి ఆ మామగారు పోయే రోజున ఆయన నోట్లో ఉన్నవి అల్లుడు చేసిన పళ్ళే.

పన్ను పీకే ముందు డాక్టరు మందు సూది వేస్తే చెంప మొద్దుబారిపోతుంది. ఆ చెంపని మనిషి తనే కొరుక్కున్నా తెలియదు. ఇంటికెళ్ళి అద్దంలో రక్తం చూసుకున్నాకే తెలుస్తుంది. పోయిన వానాకాలంలో భార్య తలనొప్పిగా ఉందని మధ్యాహ్నం పడుకుని, సాయంత్రానికి లేవలేదు. ఆ తర్వాత సారుకి ఒళ్ళంతా అలాంటి చెంపే అయింది. ఏడుపు రాలేదు. ఆకలి వేసేది కాదు, వేయట్లేదన్న చింతా లేదు. డాక్టర్లు పంపిన పని పంపినట్టు చేసి ఇచ్చేవారు. పళ్ళు బాగానే కుదిరేవి. అదే ఆయనకి కాస్త వింతగా ఉండేది.

వీధి మాత్రం మారింది. ఆయన కనిపిస్తే చాలు, అంతవరకూ పగలబడి నవ్వుతున్న వాళ్ళు నోటికి తాళం వేసుకునేవారు. ఇస్త్రీ అతను బట్టల మూట గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయేవాడు. కింద దుకాణంలో దర్జీ, మేడ మీద అలికిడి వినిపిస్తే రేడియో గొంతు తగ్గించేవాడు. ఇదంతా దయేనని సారుకి తెలుసు. చలిలో పడుకున్నవాడి మీద ఎవరో దుప్పటి కప్పితే, కప్పినట్టు తెలిసినా వెచ్చదనం తెలియకపోతే ఎలా ఉంటుందో, అలా ఉండేది.

ఓ ఉదయం ఆ దర్జీ మేడెక్కి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన ప్యాంటు.

"బావగారూ, ప్యాంటు తెచ్చాను."

దర్జీ చుట్టమేమీ కాదు. సారు భార్యని మొదటిరోజు నుంచీ అక్కా అని పిలిచాడు కాబట్టి ఈయన బావ అయ్యారు. బావ అయ్యాక ఇక ఆటపట్టించడానికి హక్కొచ్చింది. ఆ హక్కుని ఏళ్ళ తరబడి తెగ వాడుకుని, పోయిన వానాకాలం నుంచి ఒక్కసారి కూడా వాడలేదు.

"నేనిచ్చానా?" అన్నారు సారు.

"ఇవ్వలేదు. తీగ మీద ఆరేస్తే నేనే తీశాను. నడుం దగ్గర చేత్తో పట్టుకుని నడుస్తున్నారు, చూడలేకపోయాను. కాస్త లోపలికి కుట్టాను. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి గుడ్డ వదిలాన్లెండి."

సారు ప్యాంటు తీసుకుని కుర్చీ వీపు మీద వేశారు. దర్జీ వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని, బల్ల మీది దవడనొకదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెవరిది?"

"రిటైరైన పోస్ట్‌మాస్టరుది."

"నవ్వుతోందేంటి?"

"పెదాలు లేకపోతే ఎవరివైనా నవ్వుతున్నట్టే ఉంటాయి."

దర్జీ దవడని జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. అరచేత్తో కుడి మోకాలు రుద్దుకున్నాడు. అసలు మాట అక్కడే ఉంది.

"మోకాలి డాక్టరు తేల్చేశాడు బావగారూ. వచ్చే నెల కోస్తాడట. కోశాక నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, మిషను తొక్కొచ్చు. పరుగు మాత్రం ఇక లేదట. 'మీ వీధి పోటీ ఏదో ఉందన్నావుగా, అదొక్కటీ ఆడుకుని రా' అన్నాడు."

ఆ పోటీ ఏడాదికొకసారి వార్డు ఆటల కమిటీ పెడుతుంది. ముందు వార్డు ఈతకొలనులో ఈత, తర్వాత కాలువ గట్టు చుట్టూ సైకిలు, ఆఖరున స్కూలు రోడ్డు మీదుగా పరుగు. మూడూ ఒక్కరే చేసే మొనగాళ్ళు కొందరుంటారు. మిగతా వాళ్ళు ముగ్గురు చొప్పున జట్టు కడతారు. సారు భార్య ఈత, సారు సైకిలు, దర్జీ పరుగు. భార్య నడుం నొప్పికని డాక్టరు చెబితే నలభై దాటాక ఈత నేర్చుకుంది. నొప్పి పోయింది గానీ ఈత పోలేదు. ఈ ముగ్గురూ ఎప్పుడూ ఏమీ గెలవలేదు. ఆఖరి జట్టు కాకుండా ఉంటే ఆ సాయంత్రం గెలిచినంత సందడి చేసేవారు. ఆఖరి జట్టైతే ఇంకా ఎక్కువ చేసేవారు.

"నువ్వొక్కడివే పరిగెత్తకూడదా?" అన్నారు సారు.

"ఎలా? నాకు ఈత రాదు. సైకిలెక్కితే, గోడ కనిపించిందంటే గోడ మీదికే పోతాను. జట్టుకి ముగ్గురుండాలి, రూలు. మీరు వద్దంటే వద్దు. అడిగానని కోప్పడకండి. అడక్కపోతే ఆ కత్తి కింద పడుకున్నప్పుడు కూడా ఇదే పీకుతూ ఉంటుందని అడిగాను."

సారుకి కోపం రాలేదు. ఏదీ రాలేదు. వద్దనాలంటే ఒక కారణం వెతకాలి. సరే అనడానికి ఏమీ వెతకక్కర్లేదు.

"సరే," అన్నారు.

ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు కాబోలు, దర్జీ తర్వాతి మాట సిద్ధం చేసుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"మరి ఈతకి... ఒక్కరే ఖాళీగా ఉన్నారు. పేరు చెబితే మీరు నన్ను మెట్ల మీంచి తోసేస్తారు."

"ఎవరు?"

"బేకరీ ఆవిడ."

సారు తోయలేదు. నవ్వనూ లేదు. ఆయన భార్యే బతికుంటే మాత్రం తోసి ఉండేది.

కొలనులో బేకరీ ఆవిడది సారు భార్యకి పక్క వరస. ఇద్దరికీ ఆరేళ్ళ వైరం. నా మొహం మీద నీళ్ళు చిమ్ముతోందని ఈమె, నా వరసలోకి చెయ్యి పెడుతోందని ఆమె. పోటీ రోజున ఆ గొడవ పరాకాష్ఠకి చేరేది. బేకరీ ఆవిడ భారీ మనిషి, అయినా నీళ్ళల్లో పడితే పడవలా ఒకే తీరున సాగిపోయేది. ప్రతి ఏడూ ఆవిడ ఎర్ర టోపీ ముందు గట్టెక్కేది, దాని వెనకే, చేతికందేంత దూరంలో, సారు భార్య నీలం టోపీ. ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు. గట్టెక్కాక ఇద్దరూ అక్కడే నిలబడి ఓ మాట అనుకునేవారు. అందుకని సైకిలు దగ్గర నిలబడ్డ సారుకి ఎర్ర టోపీయే గంట కొట్టినట్టు. అది కనపడగానే హెల్మెట్ బిగించుకుని దాని వెనక్కి చూసేవారు.

ఇప్పుడు బేకరీ ఆవిడ జట్టు కూడా చెదిరింది. సైకిలు తొక్కే తమ్ముడికి బదిలీ అయింది, పరిగెత్తే మేనకోడలికి పురిటి నెలలు.

మర్నాడు ఇద్దరూ కలిసి బేకరీకి వెళ్ళారు. ఆవిడ పిండి అంటిన చేతుల్తో రేకులు పొయ్యిలోకి తోస్తోంది. దర్జీ ముందుకొచ్చి చేతులు కట్టుకుని సంగతంతా చెప్పాడు. మధ్యలో "అక్కయ్యగారూ" అన్నాడు.

"నన్ను అక్కా గిక్కా అనకు," అందావిడ వెనక్కి తిరక్కుండానే. "నీ అక్క వేరు. ఆవిడ ఆరేళ్ళు నా కళ్ళల్లో నీళ్ళు కొట్టింది. నేను బన్ను అమ్ముకునేదాన్ని. బన్ను కావాలా, ఈత కావాలా?"

"ఈతే మేడమ్."

"ఈయనేం మాట్లాడరేం?" ఆవిడ ఇప్పుడు తిరిగి సారు వైపు చూసింది. వీధిలో మిగతా వాళ్ళలా మెడ పక్కకి వాల్చి చూడలేదు. పొంగని రొట్టెని చూసినట్టు సూటిగా చూసింది. "ఇదిగో సారూ, ముందే చెబుతున్నాను. నేను మీ ఆవిడలా ఈదను. నాలానే ఈదుతాను. తర్వాత పోల్చి చెబితే ఊరుకోను."

"పోల్చను," అన్నారు సారు.

"అయితే వస్తాను. ఒంటరిగా ఈది ఈది విసుగొచ్చింది. ఆ పక్క వరసలో ఇప్పుడెవడో కుర్రాడు చేరాడు. వాడు సారీ ఆంటీ, సారీ ఆంటీ అంటూ ఈదుతాడు. తిట్టడానికి కూడా మనసు రాదు."

అన్నాక, రొట్టెల మీద గుడ్డ కప్పే పని పెట్టుకుంది.

పోటీకి ముందు రోజుల్లో సారు పొద్దున్నే సైకిలు తీసి కాలువ గట్టు చుట్టి వచ్చేవారు. కాళ్ళు తిరిగేవి. ఎదురుగాలి మొహానికి తగిలేది. గట్టు మీద వాకింగు చేసే రిటైర్డు ఉద్యోగులు చెయ్యెత్తితే ఆయనా ఎత్తేవారు. ఇదివరకు ఈ గట్టు మీద ఆయనకి పాటలు వచ్చేవి, పైకే పాడేవారు. ఇప్పుడు గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఇంటికొచ్చేసరికి మెట్ల మీద కాగితం పొట్లంలో వేడి బన్నొకటి ఉండేది. ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు. రుచి తెలియకపోయినా తినేవారు. వేడిగా ఉన్నదాన్ని చల్లారబెట్టడం తప్పనిపించేది.

పోటీ ఉదయం వార్డు వార్డంతా రోడ్డు మీదే ఉంది. ఈతకొలను వెనక ఖాళీ జాగాలో ఇనుప కడ్డీలు పాతి, సైకిళ్ళు వరసగా తగిలించారు. కమిటీ వాళ్ళు దానికేదో పెద్ద పేరు రాసి బోర్డు పెట్టారు గానీ, అందరూ దాన్ని కొట్టం అంటారు, పశువుల్ని కట్టేసినట్టే ఉంటుంది గనక. ఈత ముగించినవాళ్ళు కొట్టంలోకి పరిగెత్తుకొచ్చి, చీలమండకి కట్టుకున్న పట్టీ విప్పి సైకిలు మనిషికివ్వాలి. అందులో ఓ చిన్న బిళ్ళ ఉంటుంది, అదే టైము లెక్కపెడుతుంది. పట్టీ కాలికి కట్టుకున్నాకే సైకిలు ముట్టుకోవాలి. సైకిలు మనిషి తిరిగొచ్చి, అదే పట్టీ పరుగు మనిషికి కట్టాలి.

పెత్తనమంతా స్కూలు డ్రిల్లు మాస్టారిది. ఆయన నోట్లో ఈల లేకుండా ఎవరూ చూడలేదు. భార్యతో కూడా ఈలతోనే మాట్లాడతాడని దర్జీ అంటాడు.

"అందరూ వినండి!" ఈల తీసి అరిచాడు డ్రిల్లు మాస్టారు. "స్కూలు రోడ్డులో బస్సులు ఆపినవాళ్ళు మనకి చుట్టాలు కారు. చెప్పిన టైముకి వదిలేస్తారు. బస్సులు వదిలే వేళకి కొట్టం దాటని పరుగువాళ్ళకి ఇక పరుగు లేదు. పోయినేడు ఒకాయన వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు. ఈసారి బూట్లు కూడా కొత్తవి, పడకండి."

దర్జీ నవ్వాడు గానీ మొహం పాలిపోయి ఉంది. మోకాలికి బిగించిన గుడ్డపట్టీని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. దాన్ని తనే కుట్టుకున్నాడు, అంచుకి దారం రంగు కూడా చూసి.

"మనకి టైముందిగా బావగారూ?"

"ఎప్పుడూ ఉంటూనే ఉంది."

"అవునవును. ఎప్పుడూ ఉంటూనే ఉంది." ఎవరో తనకి మాటిచ్చినట్టు తలూపాడు.

అటు కొలనులో ఈల మోగింది. నీళ్ళ చప్పుడు, జనం కేకలు. సారు తన సైకిలు పక్కన నిలబడ్డారు. ఏటా నిలబడే చోటే. గట్టుకి వేసిన ఇనుప నిచ్చెన అక్కణ్ణుంచి తిన్నగా కనిపిస్తుంది. ఒక్కొక్కరే ఎక్కి వస్తున్నారు. పసుపు టోపీ, తెల్ల టోపీ, టోపీ లేని బట్టతల. ఆయన మనసులో ఏమీ లేదు. దుకాణం మూసినా బోర్డు దీపం వెలుగుతూ ఉన్నట్టు, కళ్ళు మాత్రం పనిచేస్తున్నాయి.

ఎర్ర టోపీ కనిపించింది.

చేతులు వాటంతటవే లేచి హెల్మెట్ బిగించాయి. సారు ఎర్ర టోపీ వెనక్కి చూశారు.

నిచ్చెన మీద ఎవరూ లేరు. ఇంకా రాలేదన్నమాట. వస్తుంది. ఎప్పుడైనా దీని వెనకే కదా. ఎర్ర టోపీ పెద్దదవుతూ దగ్గరికి వస్తోంది, అడ్డంగా ఉంది, ఆయన మెడ చాపి పక్క నుంచి చూశారు. ఈసారి కాస్త వెనకబడింది. నీళ్ళల్లో ఇంకా నాలుగైదు తలకాయలున్నాయి. వాటిలో నీలం దేనిదా అని ఒక్కొక్కదాన్నే చూస్తున్నారు. ఎవరో పట్టీ చాపి ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎవరైతేనేం, ఆ పట్టీ తనకి కాదు. దూరంగా ఎవరో సారూ, సారూ అంటున్నారు. ఇంకో ముగ్గురు పక్క నుంచి సైకిళ్ళు లాక్కుని వెళ్ళిపోయారు.

కొట్టంలో గోల కొంచెం కొంచెంగా తగ్గి, ఆగిపోయింది. జనానికి తెలిసింది ఆయన ఎవరికోసం చూస్తున్నారో. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. కడ్డీల అవతల దర్జీ రెండు చేతుల్తో తాడు పట్టుకుని, పిలవబోయి పిలవలేకపోయాడు.

బేకరీ ఆవిడ కూడా మొదట రెండు మూడుసార్లు పిలిచింది. తర్వాత ఆయన కళ్ళు ఎటున్నాయో చూసి, తనూ వెనక్కి తిరిగి ఆ నిచ్చెన వైపు చూసింది. ఆయనతో పాటు ఆవిడా చూసింది, రావలసిన మనిషి ఎక్కడాగిపోయిందో అన్నట్టు. అలా ఎంతసేపు నిలబడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే బిళ్ళ ఆవిడ చేతిలోనే ఉంది.

ఆఖరి తలకాయ కూడా గట్టెక్కాక, నీళ్ళు ఊగడం మాని చదునుగా అయ్యాయి. అప్పుడావిడ తడి బట్టలతోనే కిందికి వంగింది. ఆవిడ మోకాళ్ళు అంత తేలిగ్గా వంగేవి కావు. ఒక చేత్తో సైకిలు చక్రం పట్టుకుని, మూలిగి, నేల మీద కూలబడి, సారు కాలిని తన వైపు లాక్కుని పట్టీ కట్టింది. తల మీంచి నీళ్ళు ఆయన బూటు మీద కారాయి. చల్లగా ఉన్నాయి.

"పదండి సారూ," అంది కింది నుంచి, ఎప్పుడూ లేనంత మెల్లగా. "కుర్రాడక్కడ నిలబడి ఉన్నాడు."

కుర్రాడంటే దర్జీ. యాభై నిండినవాడు. సారు తలెత్తి చూశారు. దర్జీ తాడు పట్టుకుని, బరువంతా మంచి కాలి మీద వేసి నిలబడ్డాడు. కళ్ళల్లో కోపం లేదు. అదే సారుకి కనిపించింది. ఏం జరిగిందో కూడా అప్పుడే అర్థమైంది, ఎవరో పక్కింటి సంగతి చెప్పినట్టు. తను ఆగాడు. తను ఆగిన సేపంతా ఈ మనిషి ఆఖరి పరుగులోంచి పోయింది.

సైకిలు లాక్కుంటూ గీత దాటి ఎక్కారు.

కాలువ గట్టు మీద ఇక పోటీవాళ్ళెవరూ లేరు. ఆయన ఎప్పుడూ తొక్కనంత గట్టిగా తొక్కారు. గుండె బాధతోనో పట్టుదలతోనో తొక్కారంటే అబద్ధమే. పని మిగిలి ఉంది గనక తొక్కారు. పళ్ళు సాయంత్రానికి కావాలని డాక్టరు కబురు పెడితే చేసినట్టు. మలుపులో లేత గోధుమరంగు చొక్కా వేసుకున్న ముసలాయన, ఆఖరి వాడు వెళ్ళిపోయాడనుకుని జెండా చుట్టేస్తున్నవాడు, ఈయన్ని చూసి గబగబా విప్పి ఊపాడు. ఓ మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఇల్లాలు తడి చీర చేతిలో ఉంచుకునే "ఇంకా ఉంది, ఇంకా ఉంది, తొక్కండి" అని అరిచింది. ఆవిడకి టైమెంతో తెలియదు, ఊరికే అంది. ఆ మాట ఆయన వెంట కొంత దూరం వచ్చింది. ఊపిరి అందక నోట్లో ఉప్పగా అయింది. తొడలు మండుతున్నాయని తెలుస్తూనే ఉంది, ఎవరి తొడలో అన్నట్టు.

కొట్టం మలుపు తిరిగేసరికి స్కూలు రోడ్డుకి అడ్డంగా పెట్టిన డ్రమ్ములు పక్కకి దొర్లిస్తున్నారు. మొదటి బస్సు అప్పటికే కదిలింది.

"లేదు సారూ," డ్రిల్లు మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు, అయినా లేదన్నది లేదే. "మీరిప్పుడొచ్చారు, రోడ్డు ఇందాకే వదిలారు. బస్సుల మధ్య మనిషిని పంపి, రేపేదన్నా అయితే నేనేం చెప్పను?"

"ఏమీ అవదు, నువ్వు చెప్పక్కర్లేదు," బేకరీ ఆవిడ తువ్వాలు కప్పుకుని మీదికొచ్చింది. "నీ ఈల నాకివ్వు, బస్సు నేనాపుతాను."

"మేడమ్, రూలు..."

"రూలుకి మోకాలు నొప్పుందా? ఈయనకుంది."

"వదిలెయ్యండి మేడమ్," అన్నాడు దర్జీ. అతను అప్పటికే మెట్టు మీద కూర్చున్నాడు. మోకాలి గుడ్డపట్టీ విప్పడానికి వంగి, ముడి చిక్కుపడితే గోళ్ళతో లాగుతున్నాడు. ఎన్నో ముడులు విప్పిన చేతులు, ఇది రావట్లేదు. "వదిలెయ్యండి. ఇందులో ఎవరి తప్పూ లేదు. సీజన్ బట్టలు కుట్టాలి, నేనూ పోవాలి."

సారు సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద. ఆయాసం తగ్గలేదు.

"లేకుండా పరిగెత్తు," అన్నారు.

"ఏం లేకుండా?"

"లెక్క లేకుండా." వంగి, చీలమండ పట్టీ విప్పి, డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టారు. "ఇది మీరుంచుకోండి. మేం పోటీలో లేం. ఆదివారం పూట స్కూలు రోడ్డు మీద ఒకాయన పరిగెడతాడు, ఒకాయన సైకిలు తొక్కుతాడు. దానికి మీ అనుమతి అక్కర్లేదుగా?"

డ్రిల్లు మాస్టారు పట్టీ వైపు చూశాడు. "అక్కర్లేదు," అన్నాడు. కాస్త ఆగి, "ఫుట్‌పాత్ మీద జాగ్రత్త. స్కూలు దగ్గర పలకలు లేచిపోయాయి."

దర్జీ ఇంకా కూర్చునే ఉన్నాడు.

"లేవయ్యా," అన్నారు సారు. "నేను రోడ్డు వైపు వస్తాను. బస్సు వస్తే ముందు నన్ను గుద్దాలి."

"బాగుంది. మీరు పోయి అక్కడ అక్కకి నా మీద చాడీలు చెప్పడానికా?"

మాట నోట్లోంచి జారిపోయాక దర్జీ గతుక్కుమన్నాడు. బేకరీ ఆవిడ కూడా సారు మొహంలోకి చూసింది. సారు మొహంలో ఏ మార్పూ లేదు. "లే," అన్నారంతే. దర్జీ లేచాడు.

ఆ పరుగు పోటీ పరుగులా లేదు. ఫుట్‌పాత్ నిండా ఆదివారం జనం. చేతిసంచీలు, తోపుడు బళ్ళు, కుక్కని తిప్పేవాళ్ళు. దర్జీ వాళ్ళ మధ్యలోంచి కుంటుతూ, తప్పుకుంటూ పరిగెత్తాడు. పక్కనే రోడ్డంచున సారు, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, హ్యాండిలు వణక్కుండా పట్టుకుని. వెనకనుంచి బస్సులు హారన్ కొట్టి, పక్కకి తిప్పుకుని పోతున్నాయి. చెప్పుల షాపతను షట్టరు ఎత్తుతూ, "అయిపోయిందన్నారే!" అని అరిచాడు.

"మాకవలేదు!" అన్నాడు దర్జీ.

"గెలుస్తున్నారా?"

"ముందెవడూ లేడు, చూసుకో!"

షాపతను గట్టిగా నవ్వాడు. సారుని చూసి కూడా ఆ నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలని మర్చిపోయాడు. సారు ఆ సంగతి గమనించారు.

స్కూలు దగ్గర పలకలు లేచిన చోట దర్జీ నడిచాడు, దాటాక మళ్ళీ పరుగందుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మోకాలు ఎక్కువగా నొప్పెడుతున్నట్టుంది, ప్రతి అడుక్కీ దవడ బిగుసుకుంటోంది.

"బావగారూ."

"ఊఁ."

"ఇందాక... కొట్టంలో. అలా నిలబడిపోయారే."

సారు ముందున్న బస్సు వైపు చూస్తూ తొక్కారు. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పినా ఏమీ కాదు.

"బేకరీ ఆవిడ వచ్చిందిగా," అన్నారు. "మీ అక్క వెనక వస్తుందనుకున్నాను."

దర్జీ మొహం పక్కకి తిప్పకుండానే, రొప్పుతూ అన్నాడు.

"అక్క... ఆవిణ్ణి... ఒక్కసారి కూడా దాటలేదు."

"ఒక్కసారి కూడా."

"మనతో మాత్రం... ఈసారి చంపేస్తాను చూడండి అనేది."

"ప్రతి ఏడూ."

దర్జీ నవ్వబోయాడు. ఊపిరి చాలక అది దగ్గయింది. సారు నవ్వలేదు. కానీ ఇన్ని నెలల్లో ఆమె గురించి ఎవరైనా ఒక మాట, ఉన్న మనిషి గురించి అన్నట్టు అనడం ఇదే మొదలని తోచింది. ఆ మాట బాగుందో బాధగా ఉందో ఆయనకి తెలియలేదు. ఇంకోటి అంటే మాత్రం వినేవారు.

గమ్యం దగ్గర గాలి నింపి నిలబెట్టిన రబ్బరు కమాను ఉంటుంది. వాళ్ళు వచ్చేసరికి కమిటీ వాళ్ళు దాని గాలి తీసేస్తున్నారు. అది ఒక పక్కకి ఒరిగి, నడుం విరిగిన దానిలా వాలిపోతోంది. డ్రిల్లు మాస్టారు అడ్డదారిన వీళ్ళకంటే ముందే స్కూటరు మీద వచ్చేశాడు. దర్జీని దూరం నుంచే చూసి, ఓ వెదురు గడ తీసుకుని, వాలుతున్న కమాను కింద పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు. ఈల ఊదలేదు. గడియారం చూడలేదు. రెండు చేతుల్తో గడ పట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు, ఈ పని తను చేయట్లేదన్నట్టు.

దర్జీ తల వంచి దాని కిందనుంచి దాటాడు. దాటి, ఇంకో పది అడుగులు పరిగెత్తాడు, ఆగడం ఇష్టం లేనివాడిలా. తర్వాత ఆగాడు.

కరెంటు స్తంభం పట్టుకుని వంగి నిలబడ్డాడు. మొదట ఆయాసం అనుకున్నారు సారు. కాదు. వీపు అదురుతున్న తీరు వేరుగా ఉంది. అతను ఏడుస్తున్నాడు, చప్పుడు బయటికి రానివ్వకుండా, మోకాలి మీద చెయ్యి వేసుకుని.

సారు సైకిలు దిగి, దాన్ని నడుముకి ఆనించుకుని నిలబడ్డారు. ఓదార్పు మాటలు ఈ మధ్య ఎన్నో విన్నారు, ఒక్కటీ గుర్తు లేదు. తనకీ ఏడుపొస్తుందేమోనని ఒక్క క్షణం చూశారు. రాలేదు. చెయ్యి చాపి దర్జీ వీపు మీద పెట్టారు. తడి చొక్కా కింద ఆ వీపు కాలిపోతున్నట్టు వేడిగా ఉంది. ఆ వేడి అరచేతికి తెలిసింది.

చెయ్యి తీయలేదు.

వెనకనుంచి బస్సొకటి హారన్ కొట్టింది. ఇద్దరూ కాస్త పక్కకి జరిగారు.